ముద్ర మనదే, మాట మనది కాదు

నేను తెలుగు పండితుడిగా తొలిసారి చేరిన పల్లెలో బడికీ టపా కచేరీకీ ఒకటే వసారా. 1980వ దశకపు మాట. మా ప్రధానోపాధ్యాయులవారే ఆ ఊరి బ్రాంచి పోస్టుమాస్టరు కూడాను. చుట్టుపట్ల నాలుగూళ్ళ ఉత్తరాలు ఆ వసారాకే చేరేవి. ఏ ఊరివాడు రాసిన కార్డు మీదనైనా పడే గుండ్రటి తేదీముద్ర ఒకటే. ఫలానా రోజున ఈ జాబు ఈ కచేరీ గుండా వెళ్ళిందని మాత్రమే ఆ ముద్ర చెప్పేది. రాసినవాడెవడో, వాడు పెట్టుకున్న పేరు వాడిదో కాదో దానికి తెలియదు. దస్తూరీ చూసి మనిషిని పోల్చుకునే కళ్ళు అవతలి ఊళ్ళో ఉండేవి కనుక తెలియవలసిన అవసరమూ ఉండేది కాదు.

ఇప్పుడు నా చేతిలోనూ అటువంటి కచేరీ ఒకటి ఉంది. నెలకు కొద్దిపాటి అద్దె కట్టే ఒక చిన్న సర్వరు, దాని మీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిలు సాఫ్ట్‌వేరు, దాని గుండా మూడు డొమైనుల ఉత్తరాలు. ఒక డొమైను నాది, ఒకటి మా సాహితీ సమితిది, మూడవది నేను పనిచేసిన ఒక బడి పూర్వవిద్యార్థుల సంఘానిది. పదవీ విరమణ తరువాత వ్యాకరణం మీద ఎంత మక్కువతో కూర్చున్నానో ఈ యంత్రం మీదా అంతే మక్కువతో కూర్చున్నాను. ఆ అనుభవంలోంచి నాకొక అభిప్రాయం గట్టిపడింది. పలు డొమైనుల తరఫున మెయిలు పంపే సర్వరును అమర్చేవాడు అన్నిటికంటె ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది: నా ఇంట్లో ఉన్నవాడొకడు ఇంకొకడి పేరు పెట్టుకొని ఉత్తరం పంపగలడా? నేను చదివిన మార్గదర్శకాలలో చాలా మట్టుకు ఈ ప్రశ్నను చివరి పేజీకి నెట్టాయి, లేదా వదిలేశాయి. దానికి మూల్యం చెల్లించింది నేను కాకపోవడమే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది.

ముందు అమరిక సంగతి చెబుతాను. తెలిసినవారు ఓపిక పట్టగలరు.

మెయిలుకు రెండు పేర్లుంటాయి. కవరు మీద ఉండే పంపినవారి చిరునామా ఒకటి, లోపలి కాగితం మీద 'నుండి' అని ఉండేది ఇంకొకటి. చదువరికి సాధారణంగా కనిపించేది రెండవదే. సర్వర్లు మాట్లాడుకునే భాష ఎస్‌ఎమ్‌టీపీ. జొనాథన్ పోస్టెల్ దానిని 1982 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంగా వెలువరించినప్పుడు ఈ రెండు చోట్లా ఏ పేరు రాసినా అడిగేవారు లేరు. పరస్పరం ఎరిగిన కొద్దిపాటి సంస్థల మధ్య పుట్టిన పద్ధతి అది. వసారాలోని టపా కచేరీ వంటిదే.

ఒకే సర్వరు మీద మూడు డొమైనులు పెట్టేవారికి మొదట వచ్చే సందేహం, సర్వరుకు ఏ పేరు పెట్టాలి అన్నది. నేనూ రెండు రాత్రులు దానితో కుస్తీ పట్టాను. డొమైనుకొక ఐపీ చిరునామా, డొమైనుకొక సర్వరు పేరు కావాలేమో అనుకున్నాను. అక్కరలేదు. సర్వరు అవతలి సర్వరు తలుపు తట్టి తన పేరు చెప్పుకొంటుంది; దానినే హెలో అంటారు. ఆ పేరు ఒక్కటి చాలు. ఆ ఐపీ చిరునామాను తిరగేసి వెతికితే అదే పేరు రావాలి, ఆ పేరును వెతికితే అదే ఐపీ రావాలి. ఈ తిరగేసిన నమోదు మన డొమైను పట్టికలో ఉండదు. ఐపీని అద్దెకిచ్చినవారి చేతిలో ఉంటుంది. వారి పుటలో మార్చుకోవాలి, లేదా వారిని అడగాలి. ఇది టపా కచేరీ ముద్ర. నాలుగూళ్ళకూ ఒకటే ముద్ర ఉండడంలో తప్పేమీ లేదు.

డొమైనుకు డొమైను వేరుగా ఉండవలసినవి మూడు. మొదటిది ఎస్‌పీఎఫ్. 'మా పేరుతో కవరు పంపడానికి ఈ ఐపీలకే అధికారం ఉంది' అని ప్రతి డొమైనూ తన డీఎన్‌ఎస్ పట్టికలో చేసే ప్రకటన. 2006లో ప్రయోగాత్మకంగా వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4408కు బదులు 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7208 వచ్చింది. ఒక డొమైనుకు ఇటువంటి ప్రకటన ఒక్కటే ఉండాలి. రెండు ఉంటే రెండూ చెల్లవు. ఆ ప్రకటనను చదవడానికి అవతలివాడు చేయవలసిన డీఎన్‌ఎస్ వెతుకులాటలు పదికి మించినా చెల్లదు.

రెండవది డీకిమ్. ఇది చేవ్రాలు. సర్వరు వద్ద ఉన్న రహస్యపు తాళపుచెవితో ప్రతి ఉత్తరం మీద సంతకం పడుతుంది. దానికి జత అయిన బహిరంగపు చెవి డొమైను పట్టికలో ఉంటుంది. 2007లో ఆర్‌ఎఫ్‌సీ 4871గా, 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6376గా వచ్చింది. చెవి 2048 బిట్లది కావడం మేలు. అయితే పట్టికలో ఒక్కొక్క పాఠపు ముక్క 255 అక్షరాలకు మించరాదు కనుక అంత పొడుగు చెవిని రెండు ముక్కలుగా రాయాలి. నేను రెంటి నడుమ ఒక ఖాళీ అదనంగా వదిలి ఒక పూటంతా పోగొట్టుకున్నానని ఇక్కడే ఒప్పుకొంటున్నాను.

మూడవది డీమార్క్, 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7489. చదువరికి కనిపించే 'నుండి' పేరులోని డొమైనుకూ, పై రెండు పరీక్షలలో నెగ్గిన డొమైనుకూ పొత్తు కుదరాలంటుంది. కనీసం ఒక్కదానితోనైనా కుదరాలి. పలు డొమైనులవారు జారిపడేది ఇక్కడే. మూడు డొమైనుల ఉత్తరాల మీదా సర్వరు తన సొంత పేరుతోనే సంతకం చేసిందనుకోండి. సంతకం సరైనదే, పరీక్షలో నెగ్గుతుంది. కాని సాహితీ సమితి ఉత్తరం మీద నా సంతకం ఉంటే డీమార్క్ దృష్టిలో అది సమితి మాట కాదు. కనుక మూడు డొమైనులకు మూడు జతల చెవులు చేయించి, ఏ పేరుకు ఏ చెవి అన్న పట్టికను ఓపెన్‌డీకిమ్ అనే సాఫ్ట్‌వేరుకు ఇచ్చాను.

2023 మొదటికి నా సర్వరు ఈ మూడింటా ఉత్తీర్ణురాలు. పరీక్షించే పుటలన్నీ పచ్చని టిక్కులు చూపించాయి. మా ఉత్తరాలు చెత్తబుట్టలో పడడం మానేశాయి. తరగతి మొత్తం ఉత్తీర్ణమైన నాటి గర్వం నాకు కలిగింది. ఆ గర్వం ఆగస్టు వరకు నిలిచింది.

మనలో కొందరు ఈమెయిలును 'వేగు' అంటారు. మాట అందంగా ఉంది, నేనూ వాడతాను. కాని వేగు అంటే వార్త, వార్త మోసేవాడు అన్న అర్థాలతో పాటు గూఢచారి అన్న అర్థమూ ఉంది. ఆ అర్థం నాకు ఆ ఆగస్టులో బోధపడింది. పూర్వవిద్యార్థుల సంఘం కోశాధికారి సంకేతపదం ఎవరి చేతనో పడింది. ఆ దొంగ తొందరపడలేదు. కొన్నాళ్ళు ఆ పెట్టెలోని ఉత్తరాలన్నీ చదువుకున్నాడు. సాహితీ సమితి అధ్యక్షులవారు గుండె చికిత్సకు హైదరాబాదు వెళ్ళబోతున్నారని వాటివల్ల గ్రహించాడు. ఒక ఉదయం కోశాధికారి ఖాతాతోనే నా సర్వరులోకి ప్రవేశించి, అధ్యక్షులవారి పేరుతో, సమితి డొమైను చిరునామాతో తొమ్మిది ఉత్తరాలు పంపాడు. ఆసుపత్రిలో అత్యవసరంగా డబ్బు కట్టాలి, ఫోను చేస్తే ఎత్తే స్థితిలో లేను, కింద రాసిన ఖాతాకు పంపగలరు అని వాటి సారాంశం.

ఎనిమిదిమంది అనుమానించారో, పట్టించుకోలేదో, మాకు ఫోను చేశారో. తొమ్మిదవవారు విశ్రాంత ఉపాధ్యాయిని, సమితి తొలినాటి సభ్యురాలు. ఆవిడ ఎనిమిది వేల రూపాయలు పంపారు. పంపేముందు తన మనుమడికి ఆ ఉత్తరం చూపించారట. ఆ పిల్లవాడు తెలివైనవాడు. ఉత్తరపు శీర్షికలు తెరిచి చూశాడు. ఎస్‌పీఎఫ్ నెగ్గింది, డీకిమ్ నెగ్గింది, డీమార్క్ నెగ్గింది. "నిజమైన ఉత్తరమే అమ్మమ్మా" అన్నాడు.

ఈ మాట ఆవిడే నాకు ఫోనులో చెప్పారు. నిష్ఠూరంగా కాదు, నేను కంగారుపడుతున్నానని నన్ను ఓదార్చడానికి. ఆ డబ్బు నేను ఇస్తానంటే ఒప్పుకోలేదు. "మాస్టారూ, మీరేం చేస్తారు, దొంగ మీ ఇంట్లోనే దూరితే" అన్నారు. ఆవిడ మంచితనం కొద్దీ అన్న మాట. నిజానికి నేను చేయగలిగినది ఒకటుంది, చేయలేదు.

విశాఖదత్తుని ముద్రారాక్షసం మనం చదువుకున్నదే. అందులో చాణక్యుడి వేగుకు రాక్షసుడి ఉంగరం దొరుకుతుంది. రాక్షసుడి మిత్రుడైన శకటదాసు చేత, విషయం తెలియనివ్వకుండా, ఒక లేఖ రాయిస్తారు. ఆ ఉంగరంతో ముద్ర వేస్తారు. మలయకేతువు ముద్రను చూస్తాడు, అది రాక్షసుడిదే. దస్తూరీని పోలుస్తాడు, అది శకటదాసుదే. రెండు పరీక్షలూ నెగ్గాయి. లేఖ మాత్రం అబద్ధం. ఆ నాటకాన్ని ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పినవాడిని. ఉంగరం పెట్టెకు తాళం వేయాలన్నది మాత్రం నా సర్వరు దగ్గరికి వచ్చేసరికి తోచలేదు.

జరిగినది సాంకేతికంగా ఇంతే. పోస్ట్‌ఫిక్స్‌లోకి సంకేతపదంతో ప్రవేశించినవాడు ఏ చిరునామా పెట్టుకొని పంపినా, మనం వేరే చెప్పనంతవరకు అది అడగదు. లోపలికి వచ్చినవాడు మనవాడే అన్న పాత నమ్మకం అది. ఒక్క డొమైను ఉన్నచోట దాని నష్టం ఆ ఇంటికే పరిమితం. మూడు డొమైనులు ఉన్నచోట ఒకరి నిర్లక్ష్యం ఇంకొకరి పరువు తీస్తుంది. పైగా ఎస్‌పీఎఫ్ ఇక్కడ అక్కరకు రాదు. అది ఐపీని చూస్తుంది. మూడు డొమైనులకూ ఐపీ ఒకటే. డీకిమ్ కూడా రాదు. ఉత్తరం మీది పేరు చూసి ఆ పేరుకు తగిన చెవితో నా సర్వరే సంతకం చేసి పెట్టింది, అడిగినవాడెవడని చూడకుండా. నేను శ్రమపడి కట్టిన ప్రామాణికత అంతా ఆ దొంగకు సిఫారసు ఉత్తరంగా పనికివచ్చింది.

దిద్దుబాటు కష్టమైనది కాదు. ఏ చిరునామాతో పంపడానికి ఏ ఖాతాకు అధికారం ఉందో తెలిపే పట్టికను పోస్ట్‌ఫిక్స్‌కు ఇవ్వవచ్చు. ఆ పట్టికకు విరుద్ధంగా వచ్చిన ఉత్తరాన్ని తిరస్కరించమని ఒక ఆజ్ఞ రాయవచ్చు. అందుకు ముందు ఖాతా పేరు పూర్తి చిరునామాగా ఉండాలి. 'కార్యదర్శి' అని ఊరికే ఉంటే సమితి కార్యదర్శో, సంఘం కార్యదర్శో సర్వరుకు తెలియదు. డొమైనులన్నిటినీ సర్వరు తన సొంత గమ్యాల జాబితాలో కలిపేసుకొన్నవారికి ఈ ఇద్దరు కార్యదర్శుల ఉత్తరాలూ ఒకే పెట్టెలో పడతాయి. వాటిని వర్చువల్ డొమైనులుగా విడిగా ప్రకటించాలి.

ఇక్కడితో ఆగితే సగం పనే అయినట్టు. పైన చెప్పిన తిరస్కారం కవరు మీది పేరునే చూస్తుంది. దొంగ కవరు మీద తన చిరునామా రాసి, లోపలి 'నుండి' దగ్గర అధ్యక్షులవారి పేరు రాస్తే ఆ కాపలా దాటిపోతాడు. ఓపెన్‌డీకిమ్ లోపలి పేరును చూసి అధ్యక్షులవారి డొమైను సంతకం చేసి పెడుతుంది. డీమార్క్ మళ్ళీ నెగ్గుతుంది. నేను ఇది స్వయంగా చేసి చూసుకొని నిర్ఘాంతపోయాను. అందువల్ల సంతకపు పనిని ఆర్‌స్పామ్‌డీ అనే సాఫ్ట్‌వేరుకు అప్పగించాను. ప్రవేశించిన ఖాతా డొమైనుతోనూ, కవరు మీది డొమైనుతోనూ లోపలి పేరు డొమైను కలవకపోతే అది సహజంగానే సంతకం చేయదు. ఈ రెండు జాగ్రత్తలనూ సడలించే మీటలు అందులో ఉన్నాయి. ఏదో ఉత్తరం ఆగిందని విసిగి వాటిని తిప్పేయమని సలహాలు కనిపిస్తాయి. తిప్పకండి. అయితే ఇది డొమైనుకూ డొమైనుకూ మధ్య గోడ. ఒకే డొమైనులోని ఇద్దరి మధ్య లోపలి పేరును అది కాపాడదని కూడా గుర్తుంచుకోవాలి.

నా అభిప్రాయానికి ఎదురయ్యే మాటలు నాకు తెలుసు. మొదటిది: ఈ కట్టుదిట్టం పనికి అడ్డమవుతుంది, అధ్యక్షులవారి తరఫున కార్యదర్శి జాబులు రాయడం మామూలే కదా అని. మామూలే. ప్రభువుల కొలువులో రాయసకాండ్రు ఉండేవారు. కాని ఆ అధికారాన్ని ఎవరో ఒకరు ఇవ్వాలి, అది నమోదై ఉండాలి. పోస్ట్‌ఫిక్స్ పట్టికలో ఒక చిరునామాకు ఎదురుగా రెండు ఖాతాలు రాయవచ్చు. అధ్యక్షులవారు ఒప్పుకున్నాక కార్యదర్శి ఖాతాను అక్కడ చేర్చాను. ఆ ఒక్క పంక్తి రాయడానికి అధ్యక్షులవారిని అడగవలసి వచ్చింది. ఆయన ఒకరోజు ఆలోచించుకొని సరేనన్నారు. ఆ ఒకరోజు ఆలోచన జరగడమే కావలసినది.

రెండవది: ఇంత తంటా ఎందుకు, ఏ పెద్ద సంస్థకో అప్పగించరాదా అని. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ తమకు మెయిలు పంపేవారందరికీ ఎస్‌పీఎఫ్ గాని డీకిమ్ గాని ఉండాలన్నాయి. జీమెయిలు ఖాతాలకు రోజుకు అయిదువేలకు మించి పంపేవారికి రెండూ, డీమార్క్‌తో సహా ఉండాలని గూగుల్ నియమం పెట్టింది. ఇది చిన్నవాళ్ళను తరిమేయడానికే అని కొందరు మిత్రులు వాదిస్తారు. నాకలా తోచదు. నియమాలు న్యాయమైనవే, రోజుకు పది ఉత్తరాలు పంపే నాబోటివాడు కూడా ఒక వారంలో వాటిని నెరవేర్చగలడు. అప్పగించదలచినవారు అప్పగించవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. కాని అప్పగించినా డొమైను పేరు మీదే, డీఎన్‌ఎస్ పట్టిక మీదే, ఎవరికి ఆ పేరు వాడే అధికారం ఇచ్చారన్న బాధ్యతా మీదే. బాధ్యతను అద్దెకు ఇవ్వడం కుదరదు.

నేను మాత్రం సర్వరును ఉంచుకున్నాను. కొన్ని షరతులు నాకు నేనే పెట్టుకున్నాను. వారానికొకసారి లాగు పుస్తకం చదవకుండా ఆదివారం గడవనివ్వను. ఎవరెవరు ఎక్కడెక్కడి నుండి ప్రవేశించారో చూస్తాను; కోశాధికారి ఖాతాలోకి తెలియని దేశపు ఐపీ నుండి పదకొండుసార్లు ప్రవేశం జరిగినట్టు ఆ పుస్తకంలోనే ఉంది, నేను తెరిచి చూడలేదు. ఒక్కొక్క ఖాతా గంటకు పంపగల ఉత్తరాలకు హద్దు పెట్టాను. డీమార్క్ నివేదికలు వచ్చే చిరునామా ఒకటి పెట్టి వాటిని చదువుతున్నాను. డీమార్క్ విధానాన్ని మొదట 'ఏమీ చేయవద్దు' దగ్గర ఉంచి, నివేదికలు శుభ్రంగా వచ్చాక 'తిరస్కరించు' దాకా తెచ్చాను. నాలుగవ డొమైను పెట్టమని ఒక మిత్రుడు అడిగితే వద్దన్నాను. నేను చదవగల లాగు మూడు డొమైనులదే.

మనలో చాలామంది ఒక సంఘానికో, పత్రికకో, బంధువుల గుంపుకో డొమైను పెట్టి, మెయిలు అమర్చి ఇచ్చినవాళ్ళమే. చనువు కొద్దీ చేసి, పచ్చని టిక్కులు చూసుకొని మరచిపోతాం. ఈ రాత్రి ఒక్క పరీక్ష చేయండి. మీ సర్వరులో ఒక డొమైను ఖాతాతో ప్రవేశించి, ఇంకొక డొమైను చిరునామా పెట్టుకొని, మీకే ఒక ఉత్తరం రాసుకోండి. ఒకసారి కవరు మీది పేరు మార్చి, ఒకసారి లోపలి పేరు మార్చి. రెండింటిలో ఏది వచ్చి చేరినా, దాని శీర్షికలలో మూడు పరీక్షలూ నెగ్గినట్టు ఉన్నా, మీ ఇంట్లో ఉంగరం బల్ల మీదే ఉన్నట్టు లెక్క.

ఆవిడ ఇప్పటికీ సమితి ఉత్తరాలు చదువుతారు. కాని ప్రతి ఉత్తరానికీ నాకు ఫోను చేసి, "ఇది మీరు పంపిందేనా మాస్టారూ" అని అడిగి, ఆ తరువాతే చదువుతారు. అడిగినందుకు ప్రతిసారీ క్షమించమంటారు. నాకు ఆ క్షమాపణే కష్టంగా ఉంటుంది.

సాంకేతిక విషయాలలో పొరపాట్లుంటే తెలిసిన పెద్దలు దిద్దగలరు.

స్వస్తి.